వెనుక చక్రాలకు చేరే శక్తి: సస్పెన్షన్ వాటా ఎంత?

ప్రశ్న: ఒకే ఇంజిన్, ఒకే గేర్‌బాక్సు ఉన్న రెండు కార్లను డైనమోమీటర్ (చక్రాల దగ్గరి శక్తిని కొలిచే యంత్రం) రోలర్ల మీద పరీక్షిస్తే, వెనుక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది కదిలే అమరిక) ఉన్న కారు చక్రాల దగ్గర తక్కువ శక్తినీ, సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలిపే అమరిక) ఉన్న కారు ఎక్కువ శక్తినీ చూపాయని చదివాను. సాలిడ్ యాక్సిల్‌కు 15 శాతం, ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కు 20 శాతం నష్టం లెక్క వేసుకోవాలని మిత్రులు అంటున్నారు. సస్పెన్షన్ నిజంగా అంత శక్తిని హరిస్తుందా?

జవాబు: హరించదు. రెండు అమరికల మధ్య తేడా ఉన్న మాట నిజమే కాని, అది ఐదు శాతం కాదు. జాయింట్లు, బేరింగులు మంచి స్థితిలో ఉన్న కార్లలో అది ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే మీ మిత్రులు ఒప్పుకోరు కనుక, శక్తి ఏ దారిన వెళుతుందో, ఆ దారిలో ఎక్కడెక్కడ తరుగుతుందో కొంచెం వివరంగా చూద్దాం.

యంత్రంలో శక్తి వేడిగా మారి పోవాలంటే రెండు ఒకేచోట కలవాలి: రెండు భాగాలు ఒకదానినొకటి ఒత్తుకోవాలి, ఆ ఒత్తిడిలోనే ఒకదానిపై ఒకటి జారాలి. గోడను ఎంతసేపు నెట్టినా గోడ కదలనంతవరకు దానిపై పని జరగదు. వెనుక చక్రాలు కారును ముందుకు తోసే బలమంతా సస్పెన్షన్ ఆర్ముల (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీల) గుండానో లీఫ్ స్ప్రింగుల గుండానో బాడీకి చేరుతుంది. ఆ బలం వేల న్యూటన్లలో ఉన్నప్పటికీ, కారు నున్నటి రోడ్డుపై నిలకడగా వెళుతున్నప్పుడు ఆ ఆర్ముల కీళ్ళు కదలవు కనుక అక్కడ నష్టపోయేది ఏమీ లేదు. సస్పెన్షన్ గురించి జరిగే వాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయాన్ని మరచిపోవడం వల్లే పుడుతున్నాయని నా అభిప్రాయం. బలం ఎంత పెద్దదో చూసి నష్టాన్ని ఊహించకూడదు. ఆ బలం కింద ఏది జారుతోందో వెతకాలి.

అలా వెతికితే రెండు అమరికల్లోని అసలు తేడా కనిపిస్తుంది. సాలిడ్ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ (శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల అమరిక), యాక్సిల్ షాఫ్టులు, చక్రాల బేరింగులు అన్నీ ఒకే గట్టి హౌసింగ్‌లో ఇమిడి ఉంటాయి. హౌసింగ్ మొత్తం చక్రాలతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది కనుక, దాని లోపలి షాఫ్టులు ఎప్పుడూ తిన్నగానే ఉంటాయి, వాటికి జాయింట్లు అక్కర్లేదు. వంగవలసినదల్లా గేర్‌బాక్సు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టే. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్ బాడీకి గానీ సబ్‌ఫ్రేమ్‌కు (బాడీ కింద బిగించే చట్రానికి) గానీ బిగించి ఉంటుంది. చక్రాలు దేనికది కదులుతాయి కనుక, డిఫరెన్షియల్ నుంచి చక్రం వరకు వెళ్ళే ఒక్కొక్క షాఫ్టుకు రెండేసి చొప్పున మొత్తం నాలుగు జాయింట్లు కావాలి. ఇప్పటి కార్లలో ఇవి దాదాపు అన్నీ సీవీ జాయింట్లే, అంటే వంగినా తిరిగే వేగంలో హెచ్చుతగ్గులు రానివి.

ఇక్కడే ఒక పొరపాటు లెక్క ప్రచారంలో ఉంది. నాలుగు జాయింట్లు కనుక నాలుగు రెట్లు నష్టం అంటారు. కాని కుడి షాఫ్టు సగం శక్తిని, ఎడమ షాఫ్టు మిగిలిన సగాన్ని మోస్తాయి. ఏ వైపు చూసినా శక్తి వరుసగా దాటేది రెండు జాయింట్లనే. ఒక్కొక్క సీవీ జాయింట్ కొద్ది డిగ్రీల వంపులో తన గుండా వెళ్ళే శక్తిలో అర శాతం పోగొడుతుందనుకున్నా, మొత్తం మీద పోయేది ఒక శాతమే అవుతుంది, రెండు శాతం కాదు. పైగా డిఫరెన్షియల్ కదలకుండా ఉండడం వల్ల ప్రొపెల్లర్ షాఫ్టు దాదాపు తిన్నగా ఉండిపోతుంది, దాని జాయింట్ల నష్టం తగ్గుతుంది. ఇండిపెండెంట్ అమరిక చక్రాల దగ్గర కోల్పోయిన దానిలో కొంత ముందువైపు తిరిగి రాబట్టుకుంటుందన్నమాట.

ఐదు శాతం తేడా ఎందుకు అసాధ్యమో వేడి లెక్క వేసి చూడవచ్చు. ఇంజిన్ 200 కిలోవాట్లు ఇస్తోందనుకుందాం. అందులో ఐదు శాతం, అంటే 10 కిలోవాట్లు, అదనంగా ఆ నాలుగు జాయింట్లలోనే పోతున్నట్లయితే అదంతా వేడిగానే మారాలి. ఒక్కొక్క జాయింట్‌లో రెండున్నర కిలోల ఉక్కు ఉందనుకుంటే మొత్తం 10 కిలోలు. గాలి చల్లబరచడాన్ని పక్కన పెడితే, ఒక్క నిమిషంలో ఆ ఉక్కు ఉష్ణోగ్రత సుమారు 125 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. రెండు మూడు నిమిషాలు పూర్తి శక్తితో నడిపితే గ్రీజు మాడిపోయి, జాయింట్లను కప్పే రబ్బరు బూట్లు కరిగిపోవాలి. అలా జరగడం లేదు కనుక అంత నష్టం అక్కడ లేదు.

అయితే రోలర్ల మీద కనిపించిన తేడా ఎక్కడిది? అది చాలావరకు సస్పెన్షన్‌తో పాటు మారిపోయిన ఇతర భాగాలది. వాటిలో ముందుగా చెప్పుకోవలసినది డిఫరెన్షియల్ దగ్గరి క్రౌన్ వీల్ (పెద్ద పళ్ళ చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం) జత. ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుడును అడ్డంగా మళ్ళించే ఈ జత ఎక్కువ కార్లలో హైపాయిడ్ రకానిది, అంటే పినియన్ మధ్యరేఖ క్రౌన్ వీల్ మధ్యరేఖకు కిందుగా జరిగి ఉంటుంది. 1920ల రెండవ అర్ధభాగంలో ప్యాకార్డ్ కార్లతో వాడుకలోకి వచ్చిన ఈ ఏర్పాటు వల్ల ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగింది, కారు లోపలి ఫ్లోరు కిందికి వచ్చింది, పళ్ళు పెద్దవై బలం పెరిగింది. కాని పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లడంతో పాటు పొడవునా జారడం కూడా మొదలైంది, ఆ జారుడే నష్టం. తన గుండా వెళ్ళే శక్తిలో సుమారు రెండు నుంచి ఐదు శాతం వరకు ఈ ఒక్క జతే తీసుకుంటుంది. పినియన్ ఎంత కిందికి జరిగితే జారుడు అంత ఎక్కువ. 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌లో ఈ జరుగుదల సుమారు 60 మిల్లీమీటర్లు. అదే కంపెనీ తరువాతి 8.8 అంగుళాల యాక్సిల్‌లో సుమారు 38 మిల్లీమీటర్లు. బలానికి పేరుపడిన 9 అంగుళాల యాక్సిల్ కొంచెం ఎక్కువ శక్తి తింటుందని రేసింగ్ వాళ్ళు చెప్పుకోవడానికి కారణం ఇదే. రెండూ సాలిడ్ యాక్సిళ్ళే అయినప్పుడు కూడా ఈ తేడా ఉంటుంది కనుక, దీనికి సస్పెన్షన్‌తో సంబంధమే లేదని గమనించండి.

తరువాత నూనె. డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీల్ నూనెను చిలుకుతూ తిరుగుతుంది. 75డబ్ల్యు-90 రకం నూనె బదులు అంతకన్నా చిక్కటి 85డబ్ల్యు-140 రకం పోసినా, మట్టం మించి పోసినా, చల్లగా ఉన్నప్పుడే పరీక్ష మొదలుపెట్టినా నష్టం పెరుగుతుంది. పినియన్ బేరింగులను ఎంత బిగువుగా అమర్చారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. వీటన్నిటికీ తోడు టైర్లున్నాయి. టైరు వంపు తిరిగిన రోలర్ మీద నలిగినంతగా చదునైన రోడ్డు మీద నలగదు. కారును కిందికి లాగి కట్టే పట్టీల బిగువు, టైరులో గాలి పీడనం మారితే చాలు, కొలతలో కొన్ని కిలోవాట్ల తేడా రావచ్చు.

ఇక మీ మిత్రులు చెప్పిన శాతాల సంగతి. నష్టంలో ఒక భాగం శక్తితో సంబంధం లేకుండా వేగాన్ని బట్టి ఉంటుంది: నూనె చిలకడం, సీళ్ళు, బేరింగుల బిగువు. మరో భాగం మోసే బలాన్ని బట్టి పెరుగుతుంది: పళ్ళ రాపిడి, జాయింట్ల రాపిడి. మొదటిది 8 కిలోవాట్లు, రెండవది 6 శాతం అని ఉదాహరణకు అనుకుందాం. అప్పుడు 100 కిలోవాట్ల ఇంజిన్‌కు పోయేది 14 కిలోవాట్లు, అంటే 14 శాతం. 300 కిలోవాట్ల ఇంజిన్‌కు పోయేది 26 కిలోవాట్లు, అంటే తొమ్మిది శాతం కన్నా తక్కువ. ఒకే గేర్‌బాక్సు, ఒకే యాక్సిల్ ఉన్నా శాతం మారిపోయింది. కనుక ఏ సస్పెన్షన్‌కైనా ఒకే శాతాన్ని తగిలించి, చక్రాల దగ్గర కొలిచిన అంకె నుంచి ఇంజిన్ శక్తిని వెనక్కు లెక్కగట్టడం తప్పుడు లెక్క. అది ఎంత ప్రచారంలో ఉన్నా సరే, దాన్ని వదిలేయమనే చెబుతాను.

ప్రశ్న: ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లోని షాఫ్టులు, జాయింట్లు బరువైనవి కనుక వాటిని తిప్పడానికే చాలా శక్తి పోతుందని ఒక మెకానిక్ చెప్పారు. నిజమేనా?

జవాబు: తిరిగే వస్తువును వేగవంతం చేయడానికి శక్తి కావాలన్నది నిజం. కాని అందులో బరువు కన్నా వ్యాసార్ధం ముఖ్యం, ఎందుకంటే వ్యాసార్ధం రెట్టింపైతే జడత్వం నాలుగింతలవుతుంది. రోలర్ల మీద కారు 8 సెకన్లలో గంటకు 100 నుంచి 200 కిలోమీటర్ల వేగం అందుకుందనుకుందాం. టైరుతో కలిపి 25 కిలోలున్న ఒక చక్రాన్ని ఆ మధ్యలో, గంటకు 150 కిలోమీటర్ల వద్ద, వేగవంతం చేయడానికి సుమారు 2.2 కిలోవాట్లు అవసరం. అదే సమయంలో 8 కిలోల బరువుండి, ఆ బరువంతా మధ్యరేఖకు మూడున్నర సెంటీమీటర్ల దూరంలో ఉన్న డ్రైవ్ షాఫ్టుకు కావలసినది సుమారు 14 వాట్లు మాత్రమే. 14 కిలోవాట్లు కాదు, 14 వాట్లు. షాఫ్టుల బరువును నిందించేవాళ్ళు పెద్ద చక్రాలనూ బరువైన టైర్లనూ వదిలేస్తున్నారు.

ఇంకొక మాట. జడత్వానికి వెళ్ళిన శక్తి పోయిన శక్తి కాదు, ఆ భాగాల్లో నిలవ ఉన్న శక్తి. కారు ఒకే వేగంతో నడుస్తున్నప్పుడు దానికి అదనంగా ఇవ్వవలసినది ఏమీ లేదు. రోలర్ డ్రమ్ము ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి శక్తిని లెక్కగట్టే యంత్రాలు మాత్రం దీన్ని నష్టంగానే చూపుతాయి. అందువల్ల ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తో వచ్చిన కొత్త మోడల్‌కు పాత మోడల్ కన్నా పెద్ద చక్రాలు, పెద్ద బ్రేక్ డిస్కులు ఉంటే, తగ్గిన అంకెకు నింద సస్పెన్షన్ మీద పడుతుంది. ఫోర్డ్ మస్టాంగ్ 2015 మోడల్‌తో అన్ని రకాల్లోనూ సాలిడ్ యాక్సిల్ వదిలి ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కు మారింది. అంతకుముందే 1999 నుంచి 2004 వరకు దాని కోబ్రా రకంలో ఆ అమరిక ఉండేది. ఇలాంటి కార్ల పాత, కొత్త కొలతలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేముందు చక్రాలు, టైర్లు, గేర్ నిష్పత్తి ఒకటేనా అని చూడడం అవసరం.

ప్రశ్న: గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నా కారు వెనుక భాగం బాగా కుంగుతుంది. స్ప్రింగులను నొక్కడానికి వెళ్ళే ఆ శక్తి చక్రాలకు చేరితే కారు ఇంకా వేగంగా వెళుతుంది కదా?

జవాబు: ఊహ సహజమైనదే కాని, లెక్క వేస్తే తేలిపోతుంది. వెనుక రెండు స్ప్రింగులు కలిసి ఒక మిల్లీమీటరుకు 50 న్యూటన్ల బిగువు కలవనుకుందాం. కారు 40 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. అందుకు అదనంగా పట్టే శక్తి దాదాపు 40 జౌళ్ళు. 200 కిలోవాట్ల ఇంజిన్ ఆ 40 జౌళ్ళను సెకనులో ఐదు వేలవ వంతు కాలంలో ఇచ్చేస్తుంది. పైగా కుంగిన తరువాత కారు అదే స్థితిలో నిలిచి ఉన్నంతసేపు స్ప్రింగు కొత్తగా ఏమీ అడగదు.

కారు కుంగకుండా చేస్తే వెనుక చక్రాలపై పడే బరువు పెరుగుతుందని గాని తగ్గుతుందని గాని కూడా అనుకోకూడదు. ముందు నుంచి వెనక్కు మారే బరువు కారు బరువు, త్వరణం, గరిమనాభి ఎత్తు, ముందు వెనుక చక్రాల మధ్య దూరం, ఈ నాలుగింటినే బట్టి ఉంటుంది. 1,500 కిలోల కారు, గరిమనాభి అర మీటరు ఎత్తు, చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లు, త్వరణం సెకనుకు సెకనుకు 5 మీటర్లు అయితే వెనక్కు మారేది సుమారు 1,400 న్యూటన్లు. అది స్ప్రింగు గుండా వెళ్ళినా, ఆర్ముల గుండా వెళ్ళినా మొత్తం ఒకటే. ఆర్ముల వాలును మార్చి కుంగుడు తగ్గించినప్పుడు మారేది ఆ బరువు టైరు మీదకు ఎంత త్వరగా చేరుతుందన్నది మాత్రమే. మొదటి అర సెకనులో అది విలువైనదే, కాని అది పట్టుకు సంబంధించిన సంగతి.

ప్రశ్న: అయితే సాలిడ్ యాక్సిల్‌నే డ్రాగ్ రేసుల్లో (తిన్నటి దారిలో కొద్ది దూరపు వేగ పోటీల్లో) ఇష్టపడడానికి కారణం శక్తి నష్టం కాదా?

జవాబు: కాదు, లేదా చాలా స్వల్పంగా మాత్రమే. అక్కడి అసలు కారణాలు రెండు: దెబ్బ తట్టుకొనే బలం, టైరు పట్టు. నా దృష్టిలో వెనుక సస్పెన్షన్ ఇంజిన్ శక్తిపై చూపే నిజమైన ప్రభావం కూడా ఇక్కడే ఉంది కనుక ఈ ప్రశ్నకు ఎక్కువ స్థలం ఇస్తున్నాను.

టైరు నేలపై తోపుడు ఇవ్వాలంటే ఎంతో కొంత జారక తప్పదు. చక్రం తిరిగే వేగానికీ కారు ముందుకు వెళ్ళే వేగానికీ తేడా 10 శాతం ఉంటే, చక్రానికి చేరిన శక్తిలో 10 శాతం అక్కడే వేడిగా పోతుంది. చక్రం దగ్గర 200 కిలోవాట్లుంటే 20 కిలోవాట్లు రబ్బరులోనే పోయినట్లు. జాయింట్ల వద్ద ఒక శాతం కోసం వాదించుకొనేవాళ్ళు టైరు వద్ద పది శాతాన్ని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. సస్పెన్షన్ టైరును నేలకు ఎంత నిలకడగా అదిమి ఉంచితే ఈ జారుడు అంత తగ్గుతుంది.

ఈ విషయంలో రెండు అమరికలకూ మంచీ చెడూ ఉన్నాయి. సాలిడ్ యాక్సిల్‌లో ప్రొపెల్లర్ షాఫ్టు మెలితిప్పు నేరుగా హౌసింగ్‌పై పడి, ఒక చక్రాన్ని నేలకు అదిమి రెండవదాన్ని పైకి లేపబోతుంది. ఇంజిన్ 300 న్యూటన్ మీటర్లు ఇస్తూ, మొదటి గేరు నిష్పత్తి 3.5 అయితే ఆ మెలితిప్పు 1,050 న్యూటన్ మీటర్లు. చక్రాల మధ్య అడ్డ దూరం 1.5 మీటర్లయితే ఒక వైపు 700 న్యూటన్ల వరకు బరువు పెరిగి, రెండవ వైపు అంతే తగ్గవచ్చు. ఇంజిన్ మౌంట్ల ద్వారా బాడీ వ్యతిరేక దిశలో ఒరగబోతుంది కనుక వెనుక స్ప్రింగులు ఇందులో కొంత సరిదిద్దుతాయి, కాని పూర్తిగా కాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది కనుక, తేలికైన చక్రం ఎంత మోయగలదో అంతే రెండింటికీ దక్కుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్ బాడీకే బిగించి ఉంటుంది. ఆ మెలితిప్పు బాడీలోనే సమతూగుతుంది, చక్రాలకు చేరదు.

మరోవైపు, సాలిడ్ యాక్సిల్‌లో చక్రాన్ని తిప్పే బలానికి ఎదురుగా పుట్టే ప్రతిక్రియ కూడా యాక్సిల్ హౌసింగ్‌లోనే ఉండడం వల్ల, పైనా కిందా ఆర్ముల వాలును మార్చి టైరును ఆరంభంలోనే గట్టిగా నేలకు కొట్టినట్లు అదమడం తేలిక. ఇండిపెండెంట్ అమరికలో ఆ ప్రతిక్రియ బాడీకి వెళ్ళిపోతుంది, ఆర్ములకు అందేది తోపుడు బలం మాత్రమే. అందువల్ల అదే ఫలితం రావాలంటే ఆర్ములను మరింత ఏటవాలుగా పెట్టాలి, అలా పెడితే గుంతల రోడ్డుపై చక్రాల కదలిక చెడిపోతుంది. దీనికి తోడు చక్రాల దడ ఒకటుంది. టైరు పట్టు దొరికి, జారి, మళ్ళీ దొరికి సెకనుకు ఎన్నోసార్లు యాక్సిల్ ఎగిరెగిరి పడడాన్నే ఇలా అంటున్నాను. లీఫ్ స్ప్రింగులు మెలిపడి వదలడం వల్ల సాలిడ్ యాక్సిల్‌లో, సబ్‌ఫ్రేమ్ బుష్‌లు (రబ్బరు దిండ్లు) మరీ మెత్తగా ఉండడం వల్ల ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఇది పుడుతుంది. ఈ దడలో శక్తి నిజంగానే పోతుంది, షాఫ్టులూ విరుగుతాయి. 1968 మోడల్ కమారోలో షెవర్లే వెనుక షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని యాక్సిల్‌కు ముందూ మరొకదాన్ని వెనుకా పెట్టింది ఈ జబ్బుకు మందుగానే. కొన్ని శక్తివంతమైన ఇండిపెండెంట్ సస్పెన్షన్ కార్లలో కుడి ఎడమ డ్రైవ్ షాఫ్టులను వేర్వేరు మందాలతో చేసి, రెండు వైపులా ఊపు ఒకేసారి కలవకుండా చూశారు.

నిశ్చలంగా ఉన్న కారులో ఇంజిన్‌ను పరుగెత్తించి క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినప్పుడు పడే దెబ్బకు, వంపులో ఉన్న జాయింట్ కన్నా తిన్నటి లావు షాఫ్టు ఎక్కువ తట్టుకుంటుంది. విరిగితే మార్చడమూ తేలిక. డ్రాగ్ రేసుల్లో సాలిడ్ యాక్సిల్ నిలిచింది ఇందుకే. రోడ్డు మీద, మలుపుల్లో, ఎగుడుదిగుళ్ళలో టైరును నేలకు ఆన్చి ఉంచే పనిలో మంచి ఇండిపెండెంట్ సస్పెన్షన్ ముందుంటుంది. అక్కడ దక్కే పట్టు జాయింట్లలో పోయే ఒక శాతానికి ఎన్నో రెట్లు.

ప్రశ్న: వెనుక ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న నా కారు ఎత్తును 50 మిల్లీమీటర్లు తగ్గించాను. దీనివల్ల శక్తి నష్టం పెరిగిందా?

జవాబు: జాయింట్ల మధ్య పొడవు 500 మిల్లీమీటర్లున్న డ్రైవ్ షాఫ్టు ఒక కొన 50 మిల్లీమీటర్లు పైకి జరిగితే, అది సుమారు ఆరు డిగ్రీలు ఒరుగుతుంది. కారు తయారైనప్పుడు షాఫ్టు దాదాపు అడ్డంగా ఉండి ఉంటే, ఇప్పుడు రెండు జాయింట్లూ ఎప్పుడూ ఆరు డిగ్రీల వంపులో పనిచేస్తున్నాయన్నమాట. వంపు పెరిగినకొద్దీ జాయింట్‌లోని బంతులు ప్రతి చుట్టులోనూ గాడుల్లో ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ జారతాయి, రాపిడి దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఇంజిన్ శక్తితో పోలిస్తే ఇది ఇప్పటికీ చిన్నదే, మీరు దాన్ని నడిపేటప్పుడు గుర్తించలేరు. కాని జాయింట్ ఆయుష్షుకు ఇది చిన్నది కాదు. మూడు రోలర్లుండే ట్రైపాడ్ రకం లోపలి జాయింట్ అయితే, వంపు ఎక్కువైనప్పుడు ప్రతి చుట్టుకు మూడుసార్లు షాఫ్టును పక్కకు నెడుతుంది. గట్టిగా వేగం పెంచినప్పుడు కారు అడ్డంగా వణికినట్లనిపిస్తే మొదట అక్కడే చూడండి. కారు ఎత్తును పెంచినవారికీ ఇదే వర్తిస్తుంది.

సాలిడ్ యాక్సిల్ ఉన్నవారు ప్రొపెల్లర్ షాఫ్టు వైపు చూడాలి. దాని చివర ఉండే యూనివర్సల్ జాయింట్ వంగినప్పుడు, అవతలి షాఫ్టు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు మందగిస్తుంది. వంపు 3 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు శాతంలో ఏడవ వంతు, 10 డిగ్రీలైతే ఒకటిన్నర శాతం. రెండు చివర్లలోనూ వంపు సమానంగా, సరైన దిశలో ఉంటే ఒకదాని హెచ్చుతగ్గును రెండవది సరిచేస్తుంది. కారు ఎత్తు మార్చి పినియన్ కోణాన్ని పట్టించుకోకపోతే ఆ సమానత చెడి, అదురు మొదలవుతుంది. ఆ అదురులో పోయే శక్తి కన్నా అది గేర్‌బాక్సు వెనుక బేరింగుకు, పినియన్ బేరింగుకు చేసే హాని గురించే ఎక్కువ ఆలోచించాలి. లీఫ్ స్ప్రింగుల మీద నిలిచిన యాక్సిల్ అయితే వేగం పెంచినప్పుడు పినియన్ మూతి పైకి లేస్తుంది కనుక, నిలిచి ఉన్నప్పుడు దాన్ని కొద్దిగా కిందికి వంచి పెట్టడం ఆనవాయితీ.

ప్రశ్న: నా కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్. వెనుక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే, మెలిపడే దూలం) ఉంది. దానికి బదులు మల్టీలింక్ (ఒక్కో చక్రానికి కొన్ని కడ్డీలుండే ఇండిపెండెంట్ సస్పెన్షన్) ఉన్న రకం కొంటే శక్తి నష్టంలో తేడా ఉంటుందా?

జవాబు: మీ కారు వెనుక చక్రాలకు ఇంజిన్ శక్తి వెళ్ళదు కనుక డ్రైవ్‌ట్రైన్ నష్టం అనే మాటే అక్కడ రాదు. ఇంజిన్ అడ్డంగా ఉన్న ఇలాంటి కార్లలో హైపాయిడ్ జత కూడా ఉండదు, శక్తి మామూలు ఏటవాలు పళ్ళ గేర్ల గుండా చక్రాలకు చేరుతుంది. నష్టం తక్కువగా ఉండడానికి అదే ప్రధాన కారణం.

అయితే వెనుక చక్రాలు తిన్నగా చూస్తున్నాయా అన్నది ఏ కారుకైనా ముఖ్యం. ఒక్కొక్క వెనుక చక్రం అర డిగ్రీ లోపలికి తిరిగి ఉందనుకుందాం. ఒక డిగ్రీకి వెయ్యి న్యూటన్ల పక్క బలం ఇచ్చే టైరు అయితే, ఒక్కొక్క చక్రం 500 న్యూటన్లతో పక్కకు నెడుతూ నాలుగున్నర న్యూటన్లు వెనక్కు లాగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రెండు చక్రాలకూ కలిపి ఇది సుమారు 240 వాట్లు. అదే ఒక డిగ్రీ అయితే నాలుగింతలై దాదాపు ఒక కిలోవాట్ అవుతుంది. 1,500 కిలోల కారు నాలుగు టైర్లూ దొర్లడానికే ఆ వేగంలో నాలుగు కిలోవాట్ల పైచిలుకు పడుతుందని గుర్తుంచుకుంటే, ఒక డిగ్రీ తేడా ఎంతటిదో తెలుస్తుంది. మల్టీలింక్‌లో దీన్ని సరిచేసుకొనే బోల్టులుంటాయి. ఎక్కువ ట్విస్ట్ బీమ్‌లలో ఉండవు. కాని సరిచేసుకోగలిగినది సడలిపోగలదు కూడా. బుష్‌లు అరిగితే కొలిపించుకోండి.

ప్రశ్న: డి డియోన్ యాక్సిల్ సాలిడ్ యాక్సిల్‌కూ ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కూ మధ్యస్థమైనదని విన్నాను. దాని నష్టం ఎటువైపు చేరుతుంది?

జవాబు: ఇండిపెండెంట్ వైపే. చక్రాలు రెండూ ఒక గొట్టంతో కలిసి ఉన్నా, డిఫరెన్షియల్ బాడీకే బిగించి ఉంటుంది, డ్రైవ్ షాఫ్టులకు జాయింట్లుంటాయి. 1972లో వచ్చిన ఆల్ఫా రోమియో అల్ఫెట్టా ఇలాంటిదే. పాత కార్లలో జాయింట్ రకాన్ని కూడా చూడాలి. 1962 నాటి లోటస్ ఎలాన్ డ్రైవ్ షాఫ్టుల్లో లోహపు జాయింట్లకు బదులు రబ్బరు కప్లింగులు వాడారు; షాఫ్టు వంపులో తిరుగుతున్నప్పుడు ఆ రబ్బరు ప్రతి చుట్టులోనూ నలిగి విడుస్తుంది, ఆ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. పొడవు సర్దుకోవడానికి జారే స్ప్లైన్లు (షాఫ్టు పొడవునా ఉండే పళ్ళ గాడులు) వాడిన షాఫ్టులు మరో రకం ఇబ్బంది పెట్టేవి: గట్టిగా తిప్పుతున్నప్పుడు స్ప్లైన్లు బిగుసుకుపోయి, సస్పెన్షన్ స్వేచ్ఛగా కదలనిచ్చేవి కావు.

ప్రశ్న: నా కారులో డిఫరెన్షియల్, షాఫ్టుల వద్ద ఎంత పోతోందో స్వయంగా తెలుసుకొనే మార్గముందా?

జవాబు: ఉంది, ఓపిక కావాలి. రోలర్ల మీద పూర్తి వేగం అందుకున్న తరువాత క్లచ్ తొక్కి, కారును దానంతట అది నెమ్మదించనిచ్చే పరీక్ష చాలా యంత్రాలు చేయగలవు. నెమ్మదించే తీరును బట్టి టైర్లు, బేరింగులు, నూనె కలిసి తీసుకొనే నష్టం తెలుస్తుంది. బలాన్ని బట్టి పెరిగే పళ్ళ రాపిడి ఇందులో పూర్తిగా కనిపించదు కనుక, వచ్చిన అంకెను ఇంజిన్ శక్తికి కలిపేసి పూర్తి నిజమనుకోవద్దు. మార్పుకు ముందూ తరువాతా పోల్చుకోవడానికి మాత్రం అది మంచి సాధనం.

పోల్చేటప్పుడు అదే యంత్రం, అవే టైర్లు, అదే గాలి పీడనం, అదే పట్టీల బిగువు ఉండాలి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ రెండూ వేడెక్కేదాకా ముందుగా కొంతసేపు నడపాలి. ఇంజిన్ కారు పొడవునా అమర్చి ఉన్న కార్లలో ఒకటికి ఒకటి నిష్పత్తి ఉన్న గేరును ఎంచుకోండి, ఆ గేరులో శక్తి పళ్ళ జతల గుండా కాక నేరుగా షాఫ్టు గుండా వెళ్ళడం వల్ల గేర్‌బాక్సు నష్టం అతి తక్కువగా ఉండి, వెనుక భాగపు వాటా స్పష్టంగా బయటపడుతుంది. ఒక్కో స్థితిలో కొన్ని పరుగులు తీసి వాటి మధ్య ఎంత తేడా వస్తోందో చూడండి. పరుగుకూ పరుగుకూ మధ్య తేడాయే రెండు శాతం ఉంటే, ఒక శాతం నష్టాన్ని ఆ యంత్రం మీకు చూపలేదు. అప్పుడు పరీక్ష అయిన వెంటనే జాయింట్ల మీద, డిఫరెన్షియల్ మీద ఉష్ణోగ్రత కొలవడం మేలు. కుడి ఎడమ జాయింట్ల మధ్య స్పష్టమైన తేడా కనిపిస్తే, వేడిగా ఉన్న వైపు బూటు విప్పి గ్రీజు చూడండి.